తూచి చూసిన తరువాతే తీర్పు

 

గత నెలలో ఒకనాటి సాయంత్రం అస్ర్ నమాజు ముగిసి అందరూ లేచిపోయిన తరువాత, మా హిఫ్జ్ తరగతి విద్యార్థి ఒకడు మా ఎదుట వచ్చి నిలబడ్డాడు. తెల్లవారుజామున మదరసాలో ఖుర్ఆన్ కంఠస్థం చేసి, పగలు ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదివే పిల్లవాడు. చేతిలో భౌతిక రసాయన శాస్త్ర పుస్తకం ఉంది. ఒక పుట తెరిచి, ‘ద్రవ్య నిత్యత్వ నియమం’ అన్న మాటల కింద వేలుంచి ఇలా అడిగాడు:

“హజ్రత్! నిత్యం అంటే ఎప్పటికీ ఉండేది అని మా తెలుగు సార్ చెప్పారు. ఎప్పటికీ ఉండేవాడు అల్లాహ్ ఒక్కడే అని మీరు చెప్పారు. ఇక్కడేమో ద్రవ్యాన్ని ఎవరూ సృష్టించలేరు, నాశనం చేయలేరు అని రాసి ఉంది. ఇది పరీక్షలో తప్పక వస్తుందట. రాస్తే గునాహ్ అవుతుందా? అబ్బాను అడిగితే ఆ పాఠం వదిలేయమన్నారు.”

ఆ పిల్లవాని ముఖంలో కనిపించినది కొంటెతనం కాదు, నిజమైన భయం. ఒక పక్క పరీక్ష, మరొక పక్క ఈమాన్. రెండింటిలో ఒకదానిని వదులుకోవలసి వస్తుందేమోనన్న బెంగ. ఇట్టి బెంగతో ఎందరు పిల్లలు మౌనంగా తరగతి గదులలో కూర్చుని ఉన్నారో మనకు తెలియదు. కనుక ఆ బాలునికి చెప్పిన జవాబును ఈ నెల మీ ముందు కూడా ఉంచుతున్నాము.

ఒక విషయం మీద తీర్పు చెప్పడం ఆ విషయ స్వరూపాన్ని సరిగా గ్రహించడం మీద ఆధారపడి ఉంటుందన్నది మా మదరసాలలో తొలి ఏళ్లలోనే నేర్పే సూత్రం. కనుక ఆనాడు మేము ‘అవును’ అనలేదు, ‘కాదు’ అనలేదు. “బేటా, ముందు ఈ నియమం ఏమంటున్నదో తూచి చూద్దాం. తీర్పు ఆ తరువాత” అన్నాము.

మన వంటింటి నుండే మొదలుపెడదాం. ఇంటికి వచ్చే గ్యాసు సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. ఖాళీ సిలిండరు బరువు ఎంతో దాని మీదనే ముద్రించి ఉంటుంది. నెలో, నెలన్నరో గడిచేసరికి ఆ 14.2 కిలోలు ‘అయిపోతాయి’. అయిపోయాయి అని మనం అలవాటుగా అంటాం. కాని ఎక్కడికి పోయాయి? పొయ్యి కింద బూడిద లేదు. గిన్నెలకు మసి కూడా అంటలేదు. ఇంత బరువు గాలిలో మాయమైనదా?

మాయం కాలేదు. లెక్క సులువుగా ఉండేందుకు ఆ గ్యాసు మొత్తం బ్యూటేన్ అనుకుందాం. 14.2 కిలోల బ్యూటేన్ పూర్తిగా మండడానికి మన వంటింటి గాలి నుండి దాదాపు 50.9 కిలోల ఆక్సిజన్‌ను తీసుకుంటుంది. మండిన తరువాత సుమారు 43.1 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి పుడతాయి. ఇప్పుడు కూడి చూడండి: లోపలికి వచ్చినవి 14.2, 50.9, మొత్తం 65.1 కిలోలు, బయటికి పోయినవి 43.1, 22, మొత్తం 65.1 కిలోలు. జమా, ఖర్చు సరిపోయాయి. ఒక్క సిలిండరు ఒక పెద్ద బిందెను నింపేంత నీటిని ఆవిరి రూపంలో మన వంటింట్లోకి వదులుతుందని ఎంతమంది గృహిణులు ఊహించి ఉంటారు? వర్షాకాలంలో కిటికీలు మూసి వంట చేసినప్పుడు గోడలు చెమర్చడానికి ఉడికే అన్నం ఒక్కటే కారణం కాదన్నమాట.

నియమం చెప్పేది ఇంతే. రసాయన చర్యకు ముందు పాల్గొన్న పదార్థాల మొత్తం ద్రవ్యరాశి, చర్య తరువాత ఏర్పడిన పదార్థాల మొత్తం ద్రవ్యరాశికి సమానం. పరమాణువులు చోట్లు మారతాయి. పాత జత విడిచి కొత్త జత కడతాయి. వాటి సంఖ్య మాత్రం తగ్గదు, పెరగదు.

ఇంత సూటియైన సంగతిని గ్రహించడానికి మానవులకు ఎన్నో శతాబ్దాలు పట్టింది. ఎందుకంటే కన్ను చెప్పే సాక్ష్యం దీనికి విరుద్ధంగా ఉంటుంది. కట్టె కాలితే బరువు తగ్గుతుంది. ఇనుప మేకు తుప్పు పడితే బరువు పెరుగుతుంది. ఒకచోట తగ్గి, ఒకచోట పెరిగే దానిని సమానమని ఎవరనగలరు? తప్పు కంటిలో లేదు. లెక్కలోనికి తీసుకోకుండా విడిచిన దానిలో ఉన్నది. కట్టె నుండి పోయినదీ గాలిలోకే, మేకులోకి వచ్చినదీ గాలి నుండే. గాలిని తూచనంతవరకు లెక్క కుదరదు.

బ్రస్సెల్స్‌కు చెందిన వాన్ హెల్మాంట్ అనే పండితుడు ఒక తొట్టిలో 200 పౌండ్ల ఎండిన మట్టి తూచి పోసి, 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, అయిదేళ్లు నీరు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లకు పైగా తూగింది. మట్టి మాత్రం తగ్గినది 2 ఔన్సులే. చెట్టంతా నీటి నుండే తయారైనదని ఆయన తేల్చాడు. ఈ ప్రయోగం ఆయన మరణానంతరం 1648లో వెలువడిన గ్రంథంలో ఉంది. ‘గ్యాస్’ అన్న మాటను లోకానికి ఇచ్చినవాడు కూడా ఈయనే. 62 పౌండ్ల బొగ్గు కాలిస్తే ఒక్క పౌండు బూడిద మిగిలి, తక్కినది కంటికి కనబడని వాయువుగా పోయిందని గుర్తించినవాడూ ఈయనే. బొగ్గు నుండి గాలిలోకి పోయిన దానిని పసిగట్టిన అదే మనిషి, గాలి నుండి చెట్టులోకి వచ్చిన దానిని మాత్రం లెక్కలో వేయలేదు.

ఆ తరువాత ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ బాయిల్ గాజు పాత్రలో లోహం ఉంచి, మూతి కరిగించి మూసి, వేడి చేశాడు. తరువాత పాత్రను తెరిచి తూచాడు. బరువు పెరిగింది! అగ్ని కణాలు గాజు గోడను దాటి లోహంలో చేరాయని 1673లో ప్రకటించాడు. తెరిచిన క్షణంలో బయటి గాలి లోపలికి చొరబడిన చప్పుడు ఆయన విన్నాడు. విన్నది లెక్కలోకి రాలేదు. తెరవక ముందే తూచి ఉంటే చరిత్ర మరొక విధంగా ఉండేది. 1756లో రష్యాలో లొమొనోసోవ్, 1774లో ఫ్రాన్సులో లవోయిజియే ఆ పనే చేశారు. మూసిన పాత్రను మూసినట్లే తూచారు. బరువు మారలేదు. లవోయిజియే పాత్రను తెరిచాక ఎంత గాలి లోపలికి పోయిందో సరిగ్గా అంతే బరువు లోహానికి పెరిగి ఉందని చూపాడు. 1789లో అచ్చయిన తన రసాయన శాస్త్ర గ్రంథంలో ఈ నియమాన్ని స్పష్టంగా నిలిపాడు. పన్ను వసూళ్ల సంస్థలో భాగస్వామిగా ఉన్నందుకు 1794 మే 8న విప్లవకారులు ఆయన శిరస్సు ఖండించారు. ఆయన నిలిపిన లెక్క మాత్రం నిలిచి ఉంది.

ఇవన్నీ విని మా విద్యార్థి, “మనమూ తూచవచ్చా?” అన్నాడు. వెండి దుకాణం నడిపే ఒక సోదరుడు గ్రాములో పదవ వంతు వరకు చూపే తరాజును ఒక పూటకు అరువిచ్చాడు. ఖాళీ సోడా ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక కప్పు కన్నా తక్కువగా, అంటే 60 మిల్లీలీటర్ల సిర్కా పోశాము. 4 గ్రాముల వంటసోడాను పలుచని కాగితంలో చుట్టి లోపల వేసి, వెంటనే మూత గట్టిగా బిగించాము. సీసా బరువు చూశాము. లోపల నురగ పొంగింది, సీసా రాయిలా గట్టిపడింది. మళ్లీ తూచాము; అంకె కదలలేదు. ఆ తరువాత మూత మెల్లగా వదులు చేశాము. ‘ఉస్’మన్నది. ఇప్పుడు తూచితే గ్రాముకు పైగా తగ్గింది. (ఇంట్లో చేయదలచిన పిల్లలు పెద్దల సమక్షంలోనే చేయాలి, గాజు సీసా వాడరాదు, చెప్పిన కొలత మించరాదు.) మూత బిగించి ఉన్నంతసేపు లెక్క సరిపోయింది. మూత తీయగానే తగ్గినట్లు కనిపించింది. తగ్గినది పదార్థం కాదు, మన తరాజు మీద ఉన్న భాగం.

ఇక పిల్లవాని అసలు ప్రశ్నకు వద్దాం.

‘నిత్యత్వం’ అన్న తెలుగు మాట వినగానే అనాదిగా ఉన్నది, అంతం లేనిది అన్న భావం మనసుకు తడుతుంది. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది. అక్కడ ఈ నియమానికి పెట్టిన పేరులో ‘బఖా’ అన్న పదం ఉంది. అల్లాహ్‌ను ‘అల్ బాఖీ’ అని స్మరించే నాలుకకు ఆ పదం దగ్గర తడబాటు కలగడం సహజమే. అయితే అరబ్బు దేశాల పాఠ్యపుస్తకాలలో దీనికి మరొక పేరు కూడా ఉంది: ‘ఖానూన్ హిఫ్జుల్ కుత్లా’. ‘కుత్లా’ అంటే ద్రవ్యరాశి. మరి ‘హిఫ్జ్’ అంటే? ఈ మాట మేము పలకగానే ఆ బాలుని ముఖం వికసించింది. తాను పొద్దున్నే చేసే పని పేరు అదే గదా! ఉన్నదానిని ఉన్నట్లు కాపాడడం, ఒక్క అక్షరం చేర్చకుండా, ఒక్క అక్షరం జార్చకుండా అప్పగించడం. రసాయన చర్యలో ద్రవ్యరాశి విషయంలో జరిగేది కూడా ఇంతే. చర్య మొదలయ్యేటప్పుడు ఎంత ఉన్నదో ముగిసేటప్పుడు అంత ఉంటుంది. అది ఎప్పటి నుండి ఉన్నది, ఎవరు ఉనికిలోకి తెచ్చారు, ఎప్పటి వరకు ఉంటుంది అన్న ప్రశ్నల జోలికి ఈ నియమం పోదు. మూసిన సీసాలో ఏమి జరుగుతుందో చెప్పే లెక్క, విశ్వం ఎలా మొదలైందో చెప్పే వాదం కాదు. ‘సృష్టించలేము’ అన్న క్రియకు కర్త మనమే: నిప్పు రాజేసే మనిషి, ప్రయోగశాలలో నిలబడిన మనిషి. సృష్టికర్త శక్తికి హద్దు గీసే మాట అందులో లేదు.

పైగా శాస్త్రజ్ఞులు తామే ఈ నియమానికి హద్దు గీశారు. ద్రవ్యరాశి, శక్తి ఒకదానితో ఒకటి ముడివడి ఉన్నాయని 1905లో ఐన్‌స్టీన్ చూపాడు. సూర్యుడు వెలుగును విరజిమ్ముతూ ప్రతి క్షణానికి, అంటే ఒక్కొక్క సెకనుకు, సుమారు 40 లక్షల టన్నుల ద్రవ్యరాశిని కోల్పోతున్నాడు. మన వంటింటి సిలిండరు మొత్తం మండినా వెలువడే వేడి రూపంలో తగ్గేది ఒక గ్రాములో పది లక్షల వంతులు చేస్తే అందులో ఏడు వంతుల పాటి. ఏ దుకాణపు తరాజుకూ అది అందదు. అందువల్లనే రసాయన చర్యల వరకు ఈ నియమం చెక్కుచెదరకుండా పనిచేస్తుంది. కాని పదార్థం అనాది, అనంతం అని విజ్ఞాన శాస్త్రం దీని ద్వారా నిరూపించలేదు. నిరూపించానని చెప్పుకోనూ లేదు.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) హిజ్రీ 488లో, అంటే క్రీ.శ. 1095లో ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ పూర్తి చేశారు. అందులోని ఇరవై చర్చలలో మొట్టమొదటిది ప్రపంచం అనాది అన్న తత్వవేత్తల వాదానికి ఖండనే. అటువంటి ఇమామ్, అదే గ్రంథపు ఉపోద్ఘాతాలలో మరొక హెచ్చరిక కూడా చేశారు. గ్రహణాలు ఎలా ఏర్పడతాయో గణితంతో రుజువైన విషయాన్ని ధర్మం పేరిట ఖండించడానికి పూనుకున్నవాడు ధర్మానికి మేలు చేయడం లేదని, హాని చేస్తున్నాడని ఆయన అభిప్రాయం. లెక్క తెలిసినవాడు ఆ ఖండన విని లెక్కను అనుమానించడు, ధర్మాన్ని అనుమానిస్తాడు. పిల్లవానితో ఒక పాఠం వదిలేయించిన తండ్రి ఈమాన్‌ను కాపాడుతున్నానని భావించి ఉంటారు. కాని ఆ బాలుడు రేపు పెద్దవాడై తరాజు ముందు నిలబడిననాడు ఎటు వైపు అనుమానం కలుగుతుందో ఆలోచించవలసినదిగా వారికి మనవి చేశాము.

ఇంతవరకు ఇతరుల పొరపాటు చెప్పాము. ఇప్పుడు మా పొరపాటు చెప్పుకోవాలి.

అదే రోజు మా బాలునికి ధైర్యం చెప్పే ఉత్సాహంలో మేము, ఏళ్ల తరబడి తరగతిలో చెబుతూ వచ్చిన ఒక మాట మళ్లీ చెప్పాము: “బేటా, ఈ నియమం మనకు పరాయిది కాదు. లవోయిజియే కన్నా ఎనిమిది వందల ఏళ్ల ముందే అందులూసియాలో మన పండితులు దీనిని కనుగొన్నారు.” ఆధారంగా ‘రుత్బతుల్ హకీమ్’ అన్న 10వ శతాబ్దపు గ్రంథాన్ని పేర్కొన్నాము. చాలాకాలం అది మస్లమా అల్ మజ్రీతీ రచనగా ప్రసిద్ధి చెందింది. మస్లమా అల్ ఖుర్తుబీదని నేటి పరిశోధకులు అంటున్నారు. అందులో గ్రంథకర్త గుడ్డు ఆకారపు గాజు పాత్రలో పావు రతల్ పాదరసం ఉంచి, దానిని మరొక పాత్రలో పెట్టి, చేయి ఆనించి ఓర్చుకోగలిగినంత సన్నని సెగ మీద నలభై రోజులు రేయింబవళ్లు వేడి చేసిన వర్ణన ఉంది. తెరిచి చూస్తే పాదరసమంతా మెత్తని ఎర్రని పొడిగా మారి ఉందని, బరువు మొదట ఎంతో అంతే ఉందని రాశారు.

బాలుడు శ్రద్ధగా విన్నాడు. మరునాడు ఒక కాగితం తెచ్చాడు. “హజ్రత్, పాదరసం ఎర్ర పొడిగా మారడమంటే ఆక్సిజన్‌తో కలవడమే కదా. పుస్తకంలో పరమాణు భారాలు చూశాను. పాదరసానిది 200.6, ఆక్సిజన్‌ది 16. అంటే వంద గ్రాముల పాదరసం పొడిగా మారితే దాదాపు 108 గ్రాములు కావాలి. బరువు అంతే ఉంటే లెక్క తప్పినట్లు కదా?”

మేము కాసేపు మాట్లాడలేకపోయాము. పిల్లవాని లెక్కలో దోషం లేదు. లవోయిజియే కూడా పాదరసాన్నే పన్నెండు రోజులు వేడి చేశాడు. చేతికి ఓర్వదగిన సెగ మీద కాదు. దాదాపు మరిగే స్థాయిలో. ఆయనకు లభించిన 45 గ్రెయిన్ల ఎర్ర పొడిని మరింత కాల్చినప్పుడు 41.5 గ్రెయిన్ల పాదరసం తిరిగి వచ్చింది. తక్కినది వాయువుగా వెలువడింది. ఆ మూడున్నర గ్రెయిన్ల తేడాయే వందకు ఎనిమిది. అందులూసియా గ్రంథకర్త పదార్థాలను తూచవలసిన అవసరాన్ని గుర్తించారు. అది గొప్ప విషయమే. కాని ఆ సన్నని సెగ మీద పాదరసమంతా అలా మారడం జరిగే పని కాదు. మారి ఉంటే, పొడి బరువు మొదటి పాదరసం బరువుతో సమానం కాజాలదు. గాలి పాత్ర ఆ కథనంలో ఎక్కడా లేదు. కనుక అది ద్రవ్య నిత్యత్వ నియమాన్ని కనుగొన్నట్లు కాదు. ఎక్కడో చదివిన గర్వపు మాటను తూచకుండానే మేము ఇన్నేళ్లు పిల్లలకు పంచిపెట్టాము.

మరునాటి తరగతిలో అందరి ముందు ఆ మాటను వెనక్కి తీసుకున్నాము. కొందరు సహోపాధ్యాయులకు ఇది నచ్చలేదు. “పిల్లల ఆత్మవిశ్వాసం దెబ్బతింటుంది, మౌలానా” అన్నారు. వారి ప్రేమ మాకు తెలుసు. కాని కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని గట్టిగా హెచ్చరించే ఒక సూరహ్ పేరే ‘అల్ ముతఫ్ఫిఫీన్’. ఆ హెచ్చరిక బియ్యానికి, బట్టకే గాని మాటకు వర్తించదా? ఇతరుల వాటా తగ్గించి మన వాటా పెంచి చెప్పడం కూడా తూకంలో దగాయే. మన పూర్వీకులకు లేని ఘనత అంటగట్టనవసరం లేదు. ఉన్న ఘనత చాలు. అల్ బీరూనీ లోహాల, రత్నాల సాంద్రతలను నీటి సాయంతో కొలిచారు. మర్వ్ నగరానికి చెందిన అల్ ఖాజినీ హిజ్రీ 515లో, అంటే 1121లో ‘మీజానుల్ హిక్మా’ అన్న గ్రంథం రాశారు. లోహాన్ని గాలిలోనూ నీటిలోనూ తూచి, బంగారం మేలిమిదో కల్తీదో చెప్పగల తరాజును అందులో వివరించారు. అది నిజమైన పని, రుజువుకు నిలిచే పని. మా విద్యార్థికి ఇప్పుడు ఈ సంగతి చెబుతున్నాము.

చివరిగా తల్లులకు, అత్తలకు, ఇంటి పెద్దలకు ఒక మాట. ఈ నియమం పరీక్ష రాసే పిల్లల కోసమే అనుకోవద్దు. ఇది ప్రాణాలకు సంబంధించినది.

చలికాలంలో బాలింత గదిలో తలుపులు, కిటికీలు మూసి, గుడ్డలు కుక్కి, బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. తెల్లవారేసరికి కుంపటిలో గుప్పెడు బూడిద ఉంటుంది. బొగ్గులు ఏమయ్యాయి? గదిలోనే ఉన్నాయి, తల్లీబిడ్డా పీల్చిన గాలిలో ఉన్నాయి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో గాలి మొత్తం సుమారు 33 కిలోలు. అందులో ఆక్సిజన్ దాదాపు ఏడున్నర కిలోలు. ఒక కిలో కర్బనం పూర్తిగా మండడానికి 2.67 కిలోల ఆక్సిజన్ కావాలి. అంటే గదిలోని ప్రాణవాయువులో మూడవ వంతుకు పైగా! అది పూర్తిగా అందకపోతే కర్బనం సగం ఆక్సిజన్‌తోనే కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకుంటుంది. గదిలో ఆక్సిజన్ తరిగిపోవడానికి ఎంతో ముందే ఈ విషం పని ముగిస్తుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండడం దీని గుర్తులు. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులు కూడా తెలియవు. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు వాడడమూ ఇంతే ప్రమాదం. బాలింతకు వెచ్చదనం కావాలంటే దుప్పట్లు ఇవ్వండి. మూసిన గదిలో నిప్పు మాత్రం ఉంచకండి.

వీధి చివర చెత్త కుప్పకు, ప్లాస్టిక్ సంచులకు నిప్పంటించి ‘శుభ్రమైపోయింది’ అనుకునే సోదరులకూ ఇదే మనవి. ఆ చెత్త ఎక్కడికీ పోలేదు. పొగగా పక్కింటి కిటికీలో దూరింది. పొరుగువారి హక్కుల గురించి మనం మింబర్ల మీద ఎంతో చెబుతాము. పొగ కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

బాలుని సంగతి చెప్పి ముగిస్తాము. అతని తండ్రిగారు మగ్రిబ్ తరువాత వచ్చి, కూర్చుని, సీసా ప్రయోగం తమకూ చూపమన్నారు. మూత బిగించి ఉండగా తరాజు అంకెను రెండుసార్లు చదివారు. మూత తీశాక మూడవసారి చదివారు. కాసేపు ఊరుకుని, “మౌలానా సాబ్, పోయింది పోలేదన్నమాట” అన్నారు. “అవును” అన్నాము. పిల్లవాడు ఆ జవాబును పూర్తిగా రాశాడు. ఎన్ని మార్కులు వచ్చాయో మేము అడగలేదు. రాసేటప్పుడు భయం వేసిందా అని మాత్రం అడిగాము. లేదన్నాడు.

మన పిల్లలు అడిగే ప్రశ్నలను కసరి మూయించక, వారితో కూర్చుని తూచి చూసే ఓపికను అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.